హరిత హైడ్రోజన్‌: కొనేవారి సంతకమే అసలు సరుకు

యూరపు నిబంధనలు, కాకినాడ అమ్మోనియా — ఎరువుల ధర, ఓడ బాడుగలపై ప్రభావం

మదనపల్లె: యూరపులో హరిత హైడ్రోజన్‌ వ్యాపారం ప్రకటనల దశ దాటి బేరసారాల దశకు వచ్చింది. సరుకు తయారు చేయగలమనే వారికి కొదవ లేదు. పదేళ్లపాటు నికరమైన ధర యిచ్చి కొంటామని సంతకం పెట్టేవారే కరువుగా వున్నారు. అట్టి సంతకం సంపాదించుకున్న కొద్దిమందిలో మన రాష్ట్రంలోని కాకినాడ అమ్మోనియా పథకం ఒకటి. అందుచేత ఎక్కడో రోటర్‌డామ్‌ రేవులో జరిగే యీ బేరం మదనపల్లె, పుంగనూరు, కుప్పం వర్తకులకు సైతం పట్టవలసిన విషయమైంది.

యీ ప్రాంతపు వర్తకానికి యిందులో మూడు పట్టింపులు వున్నవి. మొదటిది ఎరువులు. డి.ఎ.పి., కాంప్లెక్సు ఎరువులలోని నత్రజనికి ఆధారం అమ్మోనియా. అమ్మోనియాకు ఆధారం హైడ్రోజన్‌. రెండవది ఓడ బాడుగ. కుప్పం గ్రానైటు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు యూరపుకు పోయేది ఓడల మీదనే. మూడవది లారీ బాడుగ. మదనపల్లె టమోటా అయినా, పుంగనూరు చింతపండు అయినా కదిలేది డీజిలు మీద. యీ మూడింటిలో దేనిపై ప్రభావం ముందు పడుతుంది, దేనిపై ఆలస్యంగా పడుతుంది అన్నది తెలిసివుండడం వర్తకునికి అవసరం.

సరుకు ఏమిటి?

హైడ్రోజన్‌, అనగా ఉదజని, కొత్త సరుకేమీ కాదు. చమురు శుద్ధి కర్మాగారాలు, ఎరువుల కర్మాగారాలు దానిని ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్నవి. 2024లో ప్రపంచ వాడకం దాదాపు 10 కోట్ల టన్నులు. అయితే అందులో నూటికి ఒక పాలు కూడా పరిశుభ్రమైన పద్ధతిలో తయారైనది కాదు. మిగిలినదానిలో అధిక భాగం సహజవాయువు, బొగ్గుల నుంచి తీసినదే. సహజవాయువు నుంచి కిలో హైడ్రోజన్‌ తీస్తే 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

హరిత హైడ్రోజన్‌ అంటే సౌరవిద్యుత్తు లేక పవన విద్యుత్తును నీటిలోకి పంపి, నీటిని విడగొట్టి తీసినది. యిందుకు వాడే యంత్రాన్ని ఎలక్ట్రొలైజరు అంటారు. కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు, సుమారు 10 లీటర్ల శుద్ధజలం ఖర్చవుతాయి. వాయువు పేరుతో అమ్ముతున్నా, కొనేవాడు నిజానికి కొంటున్నది కరెంటునే.

హైడ్రోజన్‌ను దూరదేశాలకు పంపడం కష్టం. ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీలకు చల్లార్చాలి. అదే నత్రజనితో కలిపి అమ్మోనియాగా చేస్తే సున్నాకు దిగువన 33 డిగ్రీలు చాలు. అమ్మోనియాను ఓడలలో ఎత్తి దింపే అనుభవం విశాఖ వంటి రేవులకు వున్నది. అందుకే హైడ్రోజన్‌ ఎగుమతి అన్నప్పుడు ఆచరణలో అది అమ్మోనియా ఎగుమతే. హరిత హైడ్రోజన్‌తో చేసిన మెథనాలు ఓడలకు, కృత్రిమ కిరోసిను విమానాలకు ఇంధనంగా పోతాయి.

యూరపు ఎందుకు కొంటున్నది?

2022లో ఉక్రెయిన్‌ యుద్ధం వలన రష్యా గ్యాసు తగ్గిపోగా, యూరపియను యూనియను పెద్ద లక్ష్యం పెట్టుకున్నది. 2030 నాటికి కోటి టన్నులు సొంతంగా తయారు చేయాలని, మరొక కోటి టన్నులు దిగుమతి చేసుకోవాలని ఆ లక్ష్యం. యీ లెక్కలు అతి ఆశతో కూడినవని 2024 జూలైలో యూరపు ఆడిట్‌ న్యాయస్థానమే తేల్చిచెప్పింది.

లక్ష్యాల కంటే చట్టాలకు బలం ఎక్కువ. పరిశ్రమలు వాడే హైడ్రోజన్‌లో 2030 నాటికి నూటికి 42, 2035 నాటికి 60 పాళ్లు యీ రకానిదై వుండాలని 2023 చట్టం సభ్యదేశాలను నిర్దేశించింది. విమాన ఇంధనంలో శుభ్రమైన ఇంధనం 2025లో నూటికి 2 పాళ్లు, 2030లో 6, 2050లో 70 పాళ్లు కలపాలి. ఓడలు వాడే ఇంధనంలో కాలుష్యపు సాంద్రత 2025లో నూటికి 2 పాళ్లు, 2030లో 6, 2050లో 80 పాళ్లు తగ్గాలి. గిరాకీ పుట్టింది చవక ధర వలన కాదు, చట్టం వలన. చట్టం సడలితే గిరాకీ కూడా సడలుతుందన్న మాట వర్తకులు మరువరాదు.

తేడా భరించేదెవరు?

యూరపులో హరిత హైడ్రోజన్‌ ఖరీదు సహజవాయువుతో చేసినదానికి 3, 4 రెట్లు వుంటుందని అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ 2024లో లెక్కకట్టింది. యీ తేడాను పూడ్చడానికి రెండు రకాల ఏర్పాట్లు జరిగినవి.

ఒకటి యూరపు హైడ్రోజన్‌ బ్యాంకు. పేరుకు బ్యాంకేగాని, పని వేలంపాట. తక్కువ సబ్సిడీకి ఎవరు ఒప్పుకుంటే వారికి పదేళ్లపాటు కిలో ఒక్కింటికి అంత చొప్పున చెల్లిస్తారు. 2024 ఏప్రిల్‌లో ఫలితాలు వెలువడిన మొదటి వేలంలో 132 దరఖాస్తులు రాగా, 7 పథకాలు గెలిచినవి. పాటలు కిలోకు 37 నుంచి 48 యూరో సెంట్ల మధ్య పలికినవి. మొత్తం సబ్సిడీ 72 కోట్ల యూరోలు. 2025 మేలో రెండవ వేలంలో 15 పథకాలకు 99 కోట్ల యూరోల పైచిలుకు కేటాయించారు. అయితే మొదటి వేలంలో గెలిచిన ఏడింటిలో చివరకు ఒప్పందం రాసుకున్నవి ఆరే. రెండవ వేలంలో గెలిచినవారిలో కూడా పలువురు వెనక్కు తగ్గారు.

రెండవ ఏర్పాటు జర్మనీది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒక సంస్థ దీర్ఘకాలిక ధరకు కొని, తక్కువ కాలపు ఒప్పందాల మీద మార్కెట్టు ధరకు అమ్ముతుంది. నష్టం ఖజానాది. మన పత్తి కార్పొరేషను మద్దతు ధరకు కొని, మార్కెట్టు ధరకు అమ్మి, తేడాను కేంద్రం వద్ద రాబట్టుకునే పద్ధతికి యిది దగ్గరగా వున్నది. 2024 జూలైలో ఆ సంస్థ మొదటి అమ్మోనియా బేరం ఈజిప్టు సరుకుకు కుదిరింది. యూరపు చేరిన ధర టన్నుకు 1,000 యూరోలు. రవాణా తదితరాలు పోగా తయారీదారుకు దక్కేది 811 యూరోలు. దీనినిబట్టి ఓడలు, గిడ్డంగులు, సుంకాలు, మార్పిడుల ఖర్చు టన్ను మీద 189 యూరోలు అని తేలుతున్నది.

ముందుకు పోయినవారు, వెనక్కు తగ్గినవారు

యూరపులో అన్ని పథకాల నడక ఒకే తీరుగా లేదు. డెన్మార్కులోని కాసో వద్ద ఏడాదికి 42,000 టన్నుల మెథనాలు తయారుచేసే కర్మాగారం 2025 మేలో ప్రారంభమైంది. ఓడల కంపెనీ మెర్స్క్‌, ఆటబొమ్మల కంపెనీ లెగో, మందుల కంపెనీ నోవో నోర్డిస్క్‌ దాని ఖాతాదారులు. కొనేవారు ముందే కుదిరినందున ఆ కర్మాగారం నిలబడింది.

కాగా, స్వీడన్‌లో ఓడల మెథనాలు కోసం కట్టనారంభించిన కర్మాగారాన్ని ఓర్‌స్టెడ్‌ కంపెనీ 2024 ఆగస్టులో రద్దు చేసుకున్నది. దీర్ఘకాలిక కొనుగోలుదార్లు దొరకకపోవడం, ఖర్చులు పెరగడం అందుకు చూపిన కారణాలు. జర్మనీలో హైడ్రోజన్‌తో ఉక్కు తీయడానికి 130 కోట్ల యూరోల ప్రభుత్వ సాయం సిద్ధంగా వున్నా, ఆర్సెలర్‌మిత్తల్‌ 2025 జూన్‌లో ఆ ఆలోచన విరమించుకున్నది. సబ్సిడీ వున్నంత మాత్రాన వ్యాపారం సాగదనడానికి యింతకంటే నిదర్శనం అక్కరలేదు.

2030 నాటికి ప్రపంచంలో తయారు కాగల శుభ్రమైన హైడ్రోజన్‌ అంచనాను అంతర్జాతీయ ఇంధన సంస్థ ఒక్క ఏడాదిలో 4.9 కోట్ల టన్నుల నుంచి 3.7 కోట్ల టన్నులకు తగ్గించింది. అది కూడా ప్రకటించిన పథకాలన్నీ పూర్తయితేనే.

కాకినాడ, పూడిమడక

మన దేశంలో కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్‌ మిషనును ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. మన రాష్ట్రం 2023లో హైడ్రోజన్‌, అమ్మోనియాలకు ప్రత్యేక విధానాన్ని, 2024 అక్టోబరులో సమగ్ర శుద్ధ ఇంధన విధానాన్ని ప్రకటించింది.

కాకినాడలో గతంలో యూరియా తయారైన ప్రాంగణాన ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా కర్మాగారానికి ఎ.ఎం. గ్రీన్‌ కంపెనీ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకున్నది. గ్రీన్‌కో సంస్థాపకులదే యీ కంపెనీ. 2025 మేలో రోటర్‌డామ్‌ రేవుతో ఏటా 10 లక్షల టన్నుల వరకు హరిత ఇంధనాల రవాణాకు అవగాహన కుదిరింది. 2026 జనవరిలో జర్మనీ కంపెనీ యూనిపర్‌ ఏటా 5 లక్షల టన్నుల వరకు కొనడానికి దీర్ఘకాలిక ఒప్పందం చేసుకున్నది. అవగాహన పత్రం వేరు, కొనుగోలు ఒప్పందం వేరు. మొదటిది మాట, రెండవది బయానా పుచ్చుకున్న బేరం వంటిది. కాకినాడ పథకానికి విలువ వచ్చింది రెండవదాని వలననే.

అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్‌.టి.పి.సి. హరిత హైడ్రోజన్‌ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి అంచనా 1,85,000 కోట్ల రూపాయలు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్‌, 7,500 టన్నుల మెథనాలు, యూరియా, విమాన ఇంధనం వంటివి తయారు చేయాలని ఉద్దేశం. ముఖ్యంగా ఎగుమతి మార్కెట్టును దృష్టిలో వుంచుకుని దీనిని తలపెట్టారు. అంటే యిది కూడా విదేశీ కొనుగోలుదారు మీద ఆధారపడినదే.

యూరపు పెట్టే షరతులు

యూరపుకు అమ్మాలంటే సరుకు స్వచ్ఛంగా వుంటే చాలదు. కరెంటు పుట్టుక లెక్క చూపాలి. 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం, 2028 నుంచి ప్రారంభమయ్యే కర్మాగారాలు పాత విద్యుత్కేంద్రాల కరెంటు వాడరాదు. హైడ్రోజన్‌ కర్మాగారానికి ముందు 36 నెలల లోపల ప్రారంభమైన విద్యుత్కేంద్రమై వుండాలి. 2029 చివరివరకు నెలవారీ లెక్క సరిపోతే చాలు. 2030 నుంచి ఏ గంటలో వాడిన కరెంటు ఆ గంటలోనే తయారై వుండాలి.

యీ గంట లెక్క చాలా పట్టుగలది. సూర్యుడు అస్తమించిన తరువాత సౌరవిద్యుత్తు వుండదు. రాత్రి యంత్రం ఆపితే పెట్టుబడి మీద వడ్డీ నడుస్తూనే వుంటుంది. అందుకే గాలి, ఎండ రెండూ కలిసిన చోటు, నీటిని పైకి ఎక్కించి కిందికి వదిలే నిల్వ విద్యుత్కేంద్రం వున్న చోటు ముందంజలో వుంటాయి. కర్నూలు ప్రాంతంలో పిన్నాపురం వద్ద గ్రీన్‌కో నిర్మించిన 1,680 మెగావాట్ల నిల్వ కేంద్రానికి యీ వ్యాపారంలో వున్న విలువ అదే.

కొలతలో కూడా తేడా వున్నది. మన కేంద్రం 2023 ఆగస్టులో ప్రకటించిన నిర్వచనం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల బొగ్గుపులుసు వాయువు మించరాదు. యీ లెక్క కర్మాగారం గేటు వరకే. యూరపు హద్దు సుమారు 3.4 కిలోలు. చూడడానికి అది సడలింపుగా కనబడినా, అందులో ఓడ ప్రయాణం, మార్పిడి అన్నీ కలుస్తాయి. యిక్కడ పచ్చ ముద్ర పడిన సరుకు అక్కడ పడుతుందని ముందే అనుకోవడానికి లేదు. కాకినాడ పథకం యూరపు నిబంధనలకు సరిపడేదని ముందస్తు ధ్రువీకరణ పొందింది.

ఎరువుల బస్తా లెక్క

స్వదేశీ మార్కెట్టులో అసలు మలుపు 2025 జూలై, ఆగస్టు నెలల్లో వచ్చింది. భారత సౌరశక్తి కార్పొరేషను 13 ఎరువుల కర్మాగారాలకు ఏటా 7.24 లక్షల టన్నుల హరిత అమ్మోనియా సరఫరా కోసం వేలం నిర్వహించింది. మొదటి పాటలో, పారాదీప్‌ ఫాస్ఫేట్సు కోసం, కిలో 55.75 రూపాయలు పలికింది. పదేళ్లపాటు అదే ధర. డాలర్లలో టన్నుకు సుమారు 641. ఆ ఏడాది మార్చిలో మామూలు అమ్మోనియా ధర 515 డాలర్లు. 2024 జర్మనీ బేరపు ధరను మన కేంద్ర శాఖ కిలో 100.28 రూపాయలుగా లెక్కకట్టగా, యిది దాదాపు సగానికి దిగినట్లు.

దీనిని బస్తా లెక్కలోకి తెస్తే విషయం తేటపడుతుంది. డి.ఎ.పి.లో నత్రజని నూటికి 18 పాళ్లు. 50 కిలోల బస్తాకు కావలసిన అమ్మోనియా సుమారు 11 కిలోలు. కిలో 55.75 చొప్పున అది 610 రూపాయలు. మామూలు అమ్మోనియాతో అయితే 490 రూపాయలు. బస్తాకు తేడా 120 రూపాయలు. డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయల రిటైలు ధరకు కట్టుబడి వున్నంతకాలం యీ తేడా రైతు మీద గాని, డీలరు మీద గాని నేరుగా పడదు. కర్మాగారం, సబ్సిడీ పద్దు మధ్య సర్దుబాటు అవుతుంది.

మరి కర్మాగారాలు ఎక్కువ ధరకు ఎందుకు ఒప్పుకోవాలి? కారణం 2022 అనుభవం. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో టాంపా రేవు ధర టన్నుకు 1,600 డాలర్లు దాటింది. పదేళ్లకు ఖాయమైన ధర అంటే మార్కెట్టు పెరిగినప్పుడు లాభం, తగ్గినప్పుడు నష్టం. విత్తనం వేయకముందే టమోటాకు ధర ఖాయం చేసుకున్న రైతు పరిస్థితి వంటిదే యిది కూడా.

యూరియా సంగతి వేరు. యూరియా తయారీకి అమ్మోనియాతోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా కావాలి. టన్ను యూరియాకు అది ముక్కాలు టన్ను పడుతుంది. సహజవాయువు వాడే కర్మాగారంలో అది వెంట వస్తుంది. హరిత పద్ధతిలో రాదు, వేరేచోట నుంచి తేవాలి. అందుచేత హరిత అమ్మోనియా ప్రభావం ముందుగా డి.ఎ.పి., కాంప్లెక్సు ఎరువులపై పడుతుంది. 266.50 రూపాయల యూరియా బస్తా మీద యిప్పట్లో కనబడదు.

ఓడ బాడుగ

గ్రానైటు, మామిడి గుజ్జు ఎగుమతిదారులకు అన్నిటికంటే ముందు తగిలేది యిదే. యూరపు రేవులకు పోయే పెద్ద ఓడలు వదిలే బొగ్గుపులుసు వాయువుకు పర్మిట్లు కొనాలి. 2024లో వదిలినదానిలో నూటికి 40 పాళ్లకు, 2025లో 70 పాళ్లకు, 2026 నుంచి మొత్తానికి కొనాలి. మన రేవు నుంచి యూరపు రేవుకు పోయే ప్రయాణంలో సగం మాత్రమే లెక్కకు వస్తుంది. దీనికి తోడు 2025 జనవరి నుంచి ఓడ ఇంధనంలో శుభ్రత నిబంధన అమలులోకి వచ్చింది. తప్పినవారికి జరిమానా పడుతుంది.

ఓడ కంపెనీలు యీ ఖర్చును సర్‌చార్జీ పేరుతో కంటెయినరు మీద వేస్తున్నవి. ఎర్రసముద్రం తప్పించి ఆఫ్రికా చుట్టూ తిరిగిన ప్రయాణాలకు ఇంధనం ఎక్కువ, కనుక సర్‌చార్జీ కూడా ఎక్కువ. రేవులో ఓడకు ఎక్కించే వరకే బాధ్యత వహించే ఒప్పందమైతే యీ భారం కొనేవానిది. బాడుగ, భీమా కలిపి ధర చెప్పిన ఒప్పందమైతే అమ్మేవానిది. ఆరు నెలల ముందు ధర ఖాయం చేసేవారు సర్‌చార్జీ ఎవరిదో ఒప్పందంలో విడిగా రాయించుకోవడం మంచిది.

యూరపు సరిహద్దు కర్బన సుంకం 2026 జనవరి నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్‌, విద్యుత్తు దాని జాబితాలో వున్నవి. గ్రానైటు, మామిడి గుజ్జు లేవు. ప్రపంచమంతటి ఓడలకు యిటువంటి పద్ధతి తేవాలన్న ప్రతిపాదనపై నిర్ణయాన్ని అంతర్జాతీయ నౌకా సంస్థ 2025 అక్టోబరులో ఏడాదిపాటు వాయిదా వేసింది. కనుక యీ అదనపు భారం ప్రధానంగా యూరపు దారిలోనే.

లారీలు, భూములు

లారీల విషయంలో తొందరపడవలసింది లేదు. హైడ్రోజన్‌తో నడిచే బస్సులు, లారీల ప్రయోగానికి కేంద్రం 2025 మార్చిలో దేశమంతటికీ 37 బండ్లు, 9 బంకులు మంజూరు చేసింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం–బయ్యవరం దారి అందులో వున్నది. టమోటా లారీ డీజిలు వదిలే రోజు యింకా దూరం.

భూముల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 10 లక్షల టన్నుల అమ్మోనియాకు, టన్నుకు 10,000 యూనిట్ల చొప్పున, ఏడాదికి 1,000 కోట్ల యూనిట్ల విద్యుత్తు కావాలి. యూనిట్‌ 3 రూపాయలు అనుకుంటే కిలో అమ్మోనియాలో 30 రూపాయలు కరెంటు ఖర్చే. కర్మాగారం సముద్రతీరాన నిలిచినా, కరెంటు మెట్టప్రాంతం నుంచి పోవాలి. మదనపల్లెకు ఉత్తరాన నంబులపూలకుంట సౌరపార్కు యిప్పటికే యిందుకు దారి చూపింది. హంద్రీ–నీవా నీరు 2025లో కుప్పం చేరినా, ఆ నీటి మీద మొదటి హక్కు సాగుకు, తాగునీటికి వున్నది. కనుక యీ మెట్టకు హైడ్రోజన్‌ కర్మాగారం కంటే సౌరవిద్యుత్తు కేంద్రాలు వచ్చే అవకాశమే ఎక్కువ.

కౌలు బేరాలు కుదిర్చే దళారులు, భూమి యిచ్చే వారు ఒక ప్రశ్న ముందుగా అడగాలి. కంపెనీ చేతిలో వున్నది అవగాహన పత్రమా, కొనుగోలు ఒప్పందమా? స్వీడన్‌లో, జర్మనీలో పెద్ద కంపెనీలే కొనేవారు లేక వెనుదిరిగినప్పుడు, పత్రం చూసి అడ్వాన్సు లేకుండా భూమిని ఏళ్ల తరబడి కట్టిపెట్టుకోవడం లాభసాటి కాదు.

గమనించవలసినవి

రానున్న కాలంలో మూడు సంగతులను బట్టి యీ మార్కెట్టు దిశ తెలుస్తుంది. కాకినాడ నుంచి మొదటి ఓడ అనుకున్న గడువులో, అంటే 2028 ప్రాంతంలో, బయలుదేరుతుందా అన్నది ఒకటి. గంట లెక్క నిబంధనను 2030 నుంచి యూరపు అమలు చేస్తుందా, వాయిదా వేస్తుందా అన్నది రెండవది. వాయిదా పడితే మన సౌరవిద్యుత్తు సరుకు చవక అవుతుంది. సౌరశక్తి కార్పొరేషను వేలంలో గెలిచినవారు 55 రూపాయల దరిదాపు ధరకు నిజంగా సరుకు అందించగలరా అన్నది మూడవది. అందించగలిగితే యూరపు కొనుగోలుదారు ఒక్కడి మీద ఆధారపడవలసిన అవసరం తీరిపోతుంది. ఎరువుల గిడ్డంగి నిండేది కూడా స్వదేశీ సరుకుతోనే అవుతుంది.